రాత్రి పది గంటలకు ప్రభువు మీద వేస్తాను, పదీ ఇరవైకి మళ్ళీ నా దగ్గరే ఉంటుంది

అడిగినవారు: ఒక తండ్రి

అందరికీ వందనాలు. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు. పద్నాలుగు నెలల క్రితం టైప్ 1 షుగర్ అని తేలింది. పెద్దవాళ్ళలో ఎక్కువగా చూసే షుగర్ కాదిది. ఒంట్లో ఇన్సులిన్ తయారు చేసే కణాలను ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున చంపేస్తుంది. పాప తిన్నదేదీ దీనికి కారణం కాదు, మేము చేసిందేదీ కారణం కాదు. ఈ ఒక్క మాట మనసుకు ఎక్కడానికే నాకు మూడు నెలలు పట్టింది. ఇక ఇన్సులిన్ బయటి నుంచే ఇవ్వాలి. అది తక్కువైతే షుగర్ పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. పడిపోవడమే నా భయం. 70 కంటే దిగితే వెంటనే గ్లూకోజ్ ఇవ్వాలి. మెలకువగా ఉంటే "నాన్నా, చేతులు వణుకుతున్నాయి" అని తనే చెప్తుంది. నిద్రలో ఎలా చెప్తుంది?

చేతికి సెన్సర్ పెట్టాము. నంబర్ ఎప్పటికప్పుడు ఫోన్‌కి వస్తుంది, తగ్గితే అలారం మోగుతుంది. ఆరు నెలల క్రితం ఒక రాత్రి అలారం మోగలేదు. నాకు ఎందుకో మెలకువ వచ్చింది. టైం 3:10. వేలు గుచ్చి చూస్తే 54. పాప ఒళ్ళంతా చెమట. లేపి గ్లూకోజ్ ఇచ్చాము, పావుగంట ఆగి మళ్ళీ చూశాము, కోలుకుంది. పొద్దున్నే స్కూల్‌కి కూడా వెళ్ళింది. తనకు ఆ రాత్రి గుర్తే లేదు. నాకు ఆ రాత్రి ఇంకా తెల్లవారలేదు.

అప్పటి నుంచి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేస్తున్నాను. అలారం ఉన్నా లేస్తాను. నంబర్ బాగున్నా తలుపు దగ్గర నిలబడి ఊపిరి వింటాను. ఆఫీసులో ఎవరో నాతో మాట్లాడుతుంటారు, నా చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. నా భార్య "నువ్వు పడుకో, నేను చూస్తాను" అంటే కోపం వస్తుంది. ఆమె కూడా తల్లే కదా, ఆమెకు నాకంటే తక్కువ ప్రేమా? అయినా ఆమె చేతిలో ఫోన్ పెట్టలేకపోతున్నాను.

ఇక విశ్వాసం సంగతి. బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్ళు. ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పేది నేనే. "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" (1 పేతురు 5:7) అని పిల్లల చేత కంఠతా పట్టించాను. రాత్రి పది గంటలకు మోకాళ్ళ మీద ఉండి అదే వాక్యం ఎత్తి ప్రార్థిస్తాను. లేచేసరికి నిజంగానే గుండె తేలికవుతుంది. లైటు ఆర్పి పడుకుంటాను. పదీ ఇరవై అయ్యేసరికి మొత్తం మళ్ళీ నా గుండెల మీదే ఉంటుంది. మరి నేను వేసినట్టా, వేయనట్టా?

ఈ మధ్య సంఘంలో ఒక పెద్దాయనతో ఇది పంచుకున్నాను. "ప్రభువు మీద వేశాక మళ్ళీ అలారం ఎందుకు బ్రదర్? అలారం పెట్టుకున్నావంటే ఆయన్ని నమ్మలేదనేగా" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు, ఆయన మా కోసం ఉపవాసాలు కూడా ఉన్నారు. కానీ ఆ రాత్రి ఫోన్ చేతిలో పట్టుకుని, అలారం ఆపేద్దామా అని చాలాసేపు కూర్చున్నాను. ఆపలేదు. ఆపనందుకు నేను అవిశ్వాసినా అని ఏడుపొచ్చింది. ఆపుదామని అనుకున్నందుకు ఒళ్ళు వణికింది.

నేను అడిగేది ఇదే. చింత వదలడం అంటే జాగ్రత్త వదలడమా? కాకపోతే ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడ ఉంది? వాక్యాలు రాయొద్దని అనను, రాయండి. దానితో పాటు ఆ వాక్యం మీ రాత్రుల్లో ఎలా పని చేసిందో కూడా రాయండి.

జవాబు 1: యూత్ మీటింగ్స్‌కి వెళ్ళే ఒక తమ్ముడు

అన్నయ్యా, దయచేసి అలారం ఆపకండి.

నాకు పిల్లలు లేరు, అంత అనుభవం లేదు. కానీ మీరు రాసింది చదవగానే నెహెమ్యా 4వ అధ్యాయం గుర్తొచ్చింది. యెరూషలేము గోడ కడుతుంటే శత్రువులు వచ్చి పడతామని బెదిరించారు. అప్పుడు వాళ్ళు ఏం చేశారో 9వ వచనంలో ఉంది. దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్ళు కావలి ఉంచారు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం అని 17వ వచనం. ఆ గోడ 52 రోజుల్లో పూర్తయింది, అది దేవుని వలనే జరిగిందని శత్రువులు కూడా తెలుసుకున్నారు. కావలి పెట్టారు కాబట్టి నమ్మలేదని ఎవరూ అనలేదు.

మీ పాప కోసం ఈ రోజు నుంచి ప్రార్థిస్తాను.

జవాబు 2: రిటైరైన నర్సు

బాబూ, నాకు అరవై ఆరేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశాను, అందులో సగం పిల్లల వార్డులోనే. నువ్వు రాసింది నిన్న రాత్రి చదివాను. వెంటనే రాయలేకపోయాను.

ముందు నర్సుగా చెప్తాను. అలారం ఆపొద్దు. 54 చిన్న సంగతి కాదు. లేచావు, వేలు గుచ్చి చూశావు, గ్లూకోజ్ ఇచ్చావు, పావుగంట ఆగి మళ్ళీ చూశావు. చేయవలసింది చేయవలసినట్టే చేశావు. 1922 జనవరిలో ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. వార్డులో ఇన్సులిన్ సీసా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నేను లోపల స్తోత్రం చెప్పుకునేదాన్ని. ఆయన ఇచ్చినదాన్ని వాడుకుంటే ఆయన్ని నమ్మనట్టు ఎలా అవుతుంది? ఎవరు ఏమన్నా, ఇన్సులిన్ విషయంలో, అలారం విషయంలో మీ డాక్టరు చెప్పిందే పాటించు.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు సంగతికి వస్తాను. "వేశానా, వేయలేదా" అన్నావు చూడు, అది నేను కూడా అడిగిన ప్రశ్నే. నాకు జవాబు దొరికింది చర్చిలో కాదు, వార్డులో.

డ్యూటీ దిగేటప్పుడు మేము హ్యాండోవర్ ఇవ్వాలి. వచ్చే సిస్టర్‌కి "అందరూ బానే ఉన్నారు" అని చెప్పి వెళ్ళిపోతే అది అప్పగింత కాదు. ఒక్కొక్క మంచం దగ్గరికీ ఆమెను తీసుకెళ్ళి చెప్పాలి. ఈ బాబుకి జ్వరం 102, ఎనిమిదింటికి మందు పడింది, మళ్ళీ రెండింటికి. ఈ పాపకి సెలైన్ సూది దగ్గర వాపుంది, చూస్తుండు. ఈ బిడ్డ తల్లి నిన్నటి నుంచి ఏమీ తినలేదు, ఆమెను కూడా కొంచెం చూడు. అవతలి సిస్టర్ విని, రాసుకుని, సంతకం పెడుతుంది. ఆ క్షణం నుంచి ఆ పిల్లలు ఆమె పిల్లలు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను సంతకం అయ్యాక కూడా వదిలేదాన్ని కాదు. ఇంటికి వెళ్ళి వార్డుకి ఫోన్ చేసేదాన్ని. ఆరో మంచం బాబుకి జ్వరం తగ్గిందా, సెలైన్ మార్చారా అని. ఒకరోజు మా సీనియర్ సిస్టర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అన్నారు: "నీకు ఆ పిల్లల మీద ప్రేమ ఎక్కువని అనుకుంటున్నావు. నాకు మాత్రం, నీ తర్వాత వచ్చే మనిషి మీద నీకు నమ్మకం లేదని కనబడుతోంది. నిద్ర లేకుండా రేపు వస్తావు, ఎవరికో తప్పు మందు వేస్తావు. అప్పుడు నీ ప్రేమ ఆ బిడ్డకు ఏం పనికొస్తుంది?" ఆ రోజు చాలా ఏడ్చాను. ఆవిడ మాట నన్ను ఇన్నేళ్ళు నిలబెట్టింది.

తర్వాత ఎప్పుడో ఫిలిప్పీ 4:6 చదువుతుంటే ఆగిపోయాను. "ప్రతి విషయములోను" అని ఉంది. "మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి" అని ఉంది. దేవునికి తెలియదా? తెలుసు. మరి ఎందుకు తెలియజేయాలి? నా మట్టుకు నాకు అర్థమైంది ఏమిటంటే, అప్పగించానని నాకు తెలియాలి. అప్పటిదాకా నా ప్రార్థన "ప్రభువా, అందరినీ కాపాడు" అన్న ఒక్క ముక్కే. "అందరూ బానే ఉన్నారు" అని చెప్పి వార్డు వదిలి వెళ్ళే నర్సు అప్పగింతలాంటిదే అది. అందుకే ఇంటికి వెళ్ళాక కూడా నిలిచేది కాదు.

నువ్వు ఎలా ప్రార్థిస్తున్నావో నాకు తెలియదు. ఈ రాత్రి ఇలా ఒకసారి చేసి చూడు. "ప్రభువా, ఇప్పుడు పాప నంబర్ ఇంత. సాయంత్రం బాగా ఆడింది, రాత్రికి తగ్గొచ్చు. అలారం పెట్టాను, మోగుతోందో లేదో పరీక్షించాను. గ్లూకోజ్ మంచం పక్కన ఉంది. నా వంతు ఇది, ఇది నేను చేశాను. నిద్రలో తన ఒంట్లో జరిగేది నా చేతిలో లేదు. అది నీకు అప్పగిస్తున్నాను." ఇలా పేరు పెట్టి, నంబర్ పెట్టి, మంచం దగ్గర నిలబడి చెప్పు. నువ్వు గీత ఎక్కడ అని అడిగావు కదా. చెప్తుంటే నీకే కనబడుతుంది. "చేశాను" అని చెప్పగలిగిందంతా జాగ్రత్త. ఆ తర్వాత మిగిలేదాన్ని మోయడానికి నీకు చేతులు లేవు.

పదీ ఇరవైకి మళ్ళీ వస్తుంది. రానీ. దాన్ని చూసి "వెనక్కి తీసుకున్నాను, నా విశ్వాసం అబద్ధం" అని నిన్ను నువ్వు కొట్టుకోకు. ప్రతి షిఫ్టుకీ హ్యాండోవర్ ఉంటుంది. నిన్న అప్పగించాను కదా అని ఇవాళ ఎవరూ ఊరుకోరు. నేను రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తే అన్నిసార్లు "ఇది సంతకమైంది ప్రభువా" అని ఒక్క మాట అనుకుని పక్కకు తిరిగి పడుకునేదాన్ని. కొన్ని రాత్రులు పదిసార్లు. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అని 121వ కీర్తనలో ఉంది. ఆయన మేలుకుని ఉన్నప్పుడు ఆ గదిలో ఇంకొకరు కూడా నిద్ర మానుకోవాలా బాబూ? పైగా మీ ఇంట్లో ఇంకో నర్సు ఉంది, మీ ఆవిడ. ఆమెకు హ్యాండోవర్ ఇవ్వడం నేర్చుకో. ఒక రాత్రి నీది, ఒక రాత్రి ఆమెది.

ఇంకొకటి చెప్పకపోతే నీకు సగమే చెప్పినట్టు. మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. నాలుగేళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను రోజూ అప్పగించాను. ఆయన పోయారు. నేను దేనికైతే భయపడ్డానో అదే జరిగింది. "మరి అప్పగించి ఏం లాభం?" అని మా అమ్మాయి ఆ రోజుల్లో నన్ను అడిగింది. నేను దానికి చెప్పింది నీకూ చెప్తాను. మొదటి రెండేళ్ళు నేను ఆయన పక్కనే కూర్చుని ఆయన చావు గురించి ఆలోచించాను. ఆయన ఏదో చెప్తుంటే నా కళ్ళు ఆయన కాళ్ళ వాపు మీద ఉండేవి. ఒకసారి "నేను ఇంకా ఉన్నాను, నాతో మాట్లాడు" అన్నారు. ఆ మాట తర్వాతే నేను నిజంగా అప్పగించడం మొదలుపెట్టాను. తర్వాతి రెండేళ్ళు ఆయనతో ఉన్నాను. తన చిన్నతనం అంతా చెప్పారు, నాకు అంతవరకు తెలియని సంగతులు. ఇవాళ నా దగ్గర ఉన్న జ్ఞాపకాలన్నీ ఆ రెండేళ్ళవే. "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నప్పుడు ప్రభువు కీడు రాదని చెప్పలేదు. రేపటిది ఇవాళే మోయకు అన్నాడు.

ఆరు నెలలుగా సరైన నిద్ర లేదంటున్నావు. నువ్వు కూడా ఒక డాక్టరుకి చూపించుకో. ఆందోళన జబ్బుగా మారితే దానికీ కౌన్సెలింగ్ ఉంది, మందులు ఉన్నాయి. పాపకు ఇన్సులిన్ ఇచ్చే చేత్తో నీ మందు నువ్వు ఎందుకు కాదనుకోవాలి? ఏలీయా చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత వచ్చి ఆయనకు ప్రసంగం చేయలేదు. లేపి తిండి పెట్టాడు, మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి పెట్టాడు. 1 రాజులు 19లో ఉంది, చదువు.

జవాబు 3: వాక్య పరిచర్యలో ఉన్నవారు

సిస్టర్ గారు చెప్పినదానికి నేను కలిపేది తక్కువ. ఆ పెద్దాయన మాట మిమ్మల్ని బాధపెడుతోంది కాబట్టి, ఆ వాక్యం గురించి కొంచెం చెప్తాను బ్రదర్.

మీరు 1 పేతురు 5లో 7వ వచనం కంఠతా పట్టించారు. 8వ వచనం కూడా చూడండి. "నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండుడి." అది అపవాది, అంటే సాతాను, విషయంలో చెప్పిన మెలకువ, షుగర్ విషయంలో కాదు. నిజమే. కానీ చింత వేయమన్న నోటితోనే, వెంటనే, మెలకువగా ఉండమన్నాడు పేతురు. ఆయన దృష్టిలో ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. పౌలు కూడా అంతే. "దేనినిగూర్చియు చింతపడకుడి" అని రాసిన మనిషే, సంఘాలన్నిటినీ గురించిన చింత తనకు ఉందని 2 కొరింథీ 11:28లో ఒప్పుకున్నాడు. రెండు చోట్లా గ్రీకులో ఒకే మూలం నుంచి వచ్చిన మాట. ప్రేమించేవాడికి మనుషుల మీద ధ్యాస ఉంటుంది. ఉందని ఎవరూ అతన్ని అవిశ్వాసి అనకూడదు.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టమైనది. మార్కు 4లో తుఫాను వస్తుంది, యేసు ప్రభువు దోనెలో తలగడ మీద నిద్రపోతుంటాడు. శిష్యులు ఆయన్ని లేపి "నీకు చింతలేదా" అని అడుగుతారు. ఆ శిష్యుల్లో పేతురు ఒకడు. ఏళ్ళు గడిచాక అదే పేతురు ఉత్తరం రాస్తూ "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు" అంటాడు. గ్రీకులో ఈ రెండు చోట్లా ఒకటే క్రియ, మన తెలుగు బైబిల్లో కూడా రెండు చోట్లా "చింత" అనే ఉంది. దోనెలో అడిగిన ప్రశ్నకు పేతురు జీవితమంతా తిరిగి, చివరికి తనే జవాబు రాశాడు. ఒక్క రాత్రిలో నేర్చుకున్నది కాదు అది.

నేర్చుకున్నాడని మనకు ఎలా తెలుసు? అపొస్తలుల కార్యములు 12 చూడండి. హేరోదు రాజు అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించాడు. తర్వాత వంతు పేతురుది. తెల్లవారితే బయటికి తెస్తారు. ఆ రాత్రి పేతురు రెండు సంకెళ్ళతో, ఇద్దరు సైనికుల మధ్య నిద్రపోతున్నాడు. దేవదూత పక్క మీద తట్టి లేపాల్సి వచ్చింది. అతనికి విడుదల వస్తుందని ముందే తెలుసా? యాకోబుకు రాలేదు కదా. తనకు ఏమవుతుందో తెలియకుండానే నిద్రపోయాడు.

జవాబు 4: చిన్నప్పటి నుంచి టైప్ 1 ఉన్న అమ్మాయి

అన్నయ్యా, నాకు ఎనిమిదో ఏట వచ్చింది. ఇప్పుడు ముప్పై ఒకటి, ఉద్యోగం చేసుకుంటున్నాను, బాగానే ఉన్నాను. నేను మీ పాప మంచం వైపు నుంచి రాస్తున్నాను.

మా నాన్న కూడా రాత్రుళ్ళు వచ్చేవారు. అప్పుడు మాకు సెన్సర్ లేదు, వేలు గుచ్చడమే. ఆయన అడుగుల చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. అయినా నిద్రపోతున్నట్టు నటించేదాన్ని. కళ్ళు తెరిస్తే నాన్న ముఖం కనబడుతుంది. ఆ ముఖం చూస్తే, నేను చనిపోబోతున్నానేమో, నాకు చెప్పడం లేదేమో అనిపించేది. సూది నొప్పి ఇప్పుడు గుర్తు లేదు. ఆ ముఖం గుర్తుంది.

పన్నెండేళ్ళప్పుడు నంబర్లు దాచడం మొదలుపెట్టాను. 62 వస్తే పుస్తకంలో 92 అని రాసేదాన్ని. గ్లూకోజ్ నాకు నేనే వేసుకుని ఊరుకునేదాన్ని. నాన్నకు నిద్ర పాడవకూడదని. అది ఎంత ప్రమాదమో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

ఒక రాత్రి నాన్న వేలు గుచ్చాక వెళ్ళిపోలేదు. నా మంచం మీద కూర్చుని, నాకు వినబడేలాగే, "ప్రభువా, నాకు చాలా భయంగా ఉంది. ఈ బిడ్డ నీది. నువ్వే నాకిచ్చావు. నాకు చేతనైనంత చూసుకుంటున్నాను, మిగతాది నువ్వు చూసుకో" అన్నారు. నాన్నకు భయమని నాకు ఎప్పుడో తెలుసు. ఆ భయాన్ని చెప్పుకోవడానికి ఆయనకు ఒకరున్నారని ఆ రాత్రే తెలిసింది. మర్నాడు పుస్తకం తెచ్చి ఏ నంబర్లు అబద్ధమో చూపించాను. తిట్టలేదు.

తలుపు దగ్గర నిలబడకండి అన్నయ్యా. లోపలికి వచ్చి కూర్చోండి. తను మేలుకుని ఉంటే నంబర్ చెప్పండి. అది తన నంబర్ కదా.

అడిగినవారు: ఒక తండ్రి (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. సిస్టర్ అమ్మా, మీరు రాసింది నేనూ నా భార్యా కలిసి చదివాము. మీ ఆయన "నేను ఇంకా ఉన్నాను" అన్న మాట దగ్గర ఇద్దరమూ ఆగిపోయాము.

ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మొదటి రాత్రి పాప మంచం పక్కన నిలబడి మీరు చెప్పినట్టు ఒక్కొక్కటి చెప్పాను. నంబర్ 138. సాయంత్రం సైకిల్ తొక్కింది. అలారం పరీక్షించాను. "నిద్రలో జరిగేది నా చేతిలో లేదు" అన్న దగ్గర గొంతు పెగల్లేదు. ఆ మాట నేను ఎప్పుడూ పైకి అనలేదని అప్పుడు తెలిసింది. ఆరు నెలలుగా నా చేతిలో ఉన్నట్టే లేస్తున్నాను. ఆ రాత్రి కూడా రెండుకు లేచాను. మర్నాడు కూడా. "సంతకమైంది" అనుకున్నాను, నిద్ర రాలేదు, మళ్ళీ అనుకున్నాను.

నాలుగో రోజు నా భార్యకు హ్యాండోవర్ ఇచ్చాను. నోటితో చెప్పడం కష్టమని కాగితం మీద రాసిచ్చాను. ఆమె చదివి కింద సంతకం పెట్టి ఇచ్చింది. నేను అడగలేదు, మీరు రాసింది గుర్తుపెట్టుకుని తనే పెట్టింది. ఆ రాత్రి నేను ఫోన్ అడగకుండా ఉండటానికి దిండు కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నాను. పన్నెండున్నర దాకా గుర్తుంది. తర్వాత కళ్ళు తెరిచేసరికి ఆరు. మొదట వచ్చింది సంతోషం కాదు, భయం. పరుగెత్తాను. ఇద్దరూ నిద్రపోతున్నారు. రాత్రి ఒకసారి 68కి దిగిందట, అలారం మోగిందట, ఆమె లేచి గ్లూకోజ్ ఇచ్చిందట. నాకు వినబడనేలేదు.

డాక్టరుని కలిశాను. వారానికి ఒకసారి కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. ఆ పెద్దాయనతో కూడా మాట్లాడాను. నెహెమ్యా 4:9 చూపించాను. చాలాసేపు చూసి, "నేను తొందరపడి అన్నాను" అని నా చెయ్యి పట్టుకున్నారు.

చెల్లెమ్మా, నీ మాట ప్రకారం నిన్న రాత్రి తలుపు దగ్గర ఆగకుండా లోపలికి వెళ్ళి కూర్చున్నాను. పాప కళ్ళు మూసుకునే ఉంది. నెమ్మదిగా "112" అన్నాను. కళ్ళు తెరవకుండానే "బాణం ఎటు ఉంది నాన్నా?" అంది. పెరుగుతోందా తగ్గుతోందా చూపించే గుర్తు అది. నిలకడగా ఉందన్నాను. "అయితే ప్రార్థన చేసి పో" అంది. చేశాను. ఆమెన్ తనే ముందు చెప్పింది.

ఇవాళ రాత్రి నా భార్య వంతు. ఫోన్ ఆమె వైపు పెట్టాను.